డివిజన్ సమస్యపై అర్జీ: కార్పొరేటర్ గడప నుంచి పని పూర్తయ్యేదాకా దరఖాస్తు విధానం

సైడు కాలవ పూడిపోయి వాన నీళ్లు ఇంట్లోకి వస్తున్నాయనో, నెల నుంచి వీధి దీపం వెలగడం లేదనో కార్పొరేటర్‌కు ఫోన్ చేసి చెప్పామంటే అది దరఖాస్తు పెట్టినట్టు కాదు. ఫోన్‌లో చెప్పిన మాటకు నంబరు ఉండదు, తేదీ ఉండదు. మేస్త్రీ మారినా, ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) బదిలీ అయినా ఆ మాట వాళ్లతోనే పోతుంది. నెల్లూరులో చాలా వీధుల్లో జరుగుతున్నది ఇదే. ‘ఎన్నిసార్లు చెప్పినా పట్టించుకోలేదు’ అనే వాళ్ల దగ్గర ఒక్క రసీదు కూడా ఉండదు. అడిగేవాళ్లు బలహీనులు కావడం దీనికి కారణం కాదు. అడిగినట్టు ఎక్కడా నమోదు కాకపోవడమే కారణం. కాబట్టి కార్పొరేటర్‌ను కలవండి, తప్పకుండా కలవండి. కానీ చేతిలో కాగితం పట్టుకుని వెళ్లండి.

ముందు తేల్చుకోవాల్సింది: ఇది ఎవరి పని?

నెల్లూరు నగరపాలక సంస్థలో 54 డివిజన్లు, ఒంగోలులో 50 డివిజన్లు ఉన్నాయి. ఒక్కో డివిజన్‌కు ఒక కార్పొరేటర్. కావలి, ఆత్మకూరు లాంటి మున్సిపాలిటీల్లో వార్డుకు ఒక కౌన్సిలర్. వార్డు సచివాలయం మాత్రం వేరే లెక్క. 2019లో ఈ వ్యవస్థ పెట్టినప్పుడు దాదాపు నాలుగు వేల జనాభాకు ఒక సచివాలయం అనుకున్నారు. అందువల్ల ఒకే డివిజన్‌లో రెండు మూడు సచివాలయాలు ఉండొచ్చు. మీ డివిజన్ నంబరు, మీ ఇల్లు ఏ సచివాలయం కిందికి వస్తుంది అన్నవి రెండూ తెలిసి ఉండాలి. ఇంటి పన్ను రసీదు మీద ఉన్న అసెస్‌మెంట్ నంబరు సచివాలయంలో చూపిస్తే రెండూ చెబుతారు.

కార్పొరేటర్ ఏం చేయగలరు, ఏం చేయలేరు అన్నది చాలామందికి స్పష్టంగా తెలియదు. పనికి ఉత్తర్వు ఇచ్చేది, బిల్లు చెల్లించేది కమిషనర్ కింద ఉన్న యంత్రాంగం. కార్పొరేటర్ మీ సమస్యను అధికారుల ముందు పెడతారు, అర్జీ మీద సిఫార్సు రాస్తారు, కౌన్సిల్ సమావేశంలో లేవనెత్తుతారు, పెద్ద పని అయితే అజెండాలోకి తీసుకెళ్లడానికి పట్టుబడతారు. మన ఓటుతో వచ్చిన అధికారం ఇది. దాన్ని కార్పొరేటర్ వాడాలంటే చేతికి ఆధారం మనం ఇవ్వాలి.

పని ఏ శాఖదో సరిగా గుర్తించకపోతే అర్జీ బల్లల మధ్య తిరుగుతూ ఉంటుంది. వీధి దీపం నగరపాలక సంస్థది. తీగలు, ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం విద్యుత్ పంపిణీ సంస్థవి (నెల్లూరులో ఏపీఎస్పీడీసీఎల్, ఒంగోలులో ఏపీసీపీడీసీఎల్). తీగ వేలాడుతుంటే 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. వీధి పక్కన సైడు కాలవ కార్పొరేషన్‌ది. అది పోయి కలిసే సర్వేపల్లి కాలువ లేదా జాఫర్ సాహెబ్ కాలువ జలవనరుల శాఖది. మన సైడు కాలవ శుభ్రంగా ఉన్నా పెద్ద కాలువ నిండిపోయి నీళ్లు వెనక్కి తంతుంటే కార్పొరేషన్‌కు ఒక్క అర్జీ పెట్టి ఊరుకుంటే చాలదు, జలవనరుల శాఖకూ వేరే కాగితం కావాలి. జాతీయ రహదారి మీద సమస్య అయితే 1033. భూగర్భ డ్రైనేజీ కోసం రోడ్డు తవ్వి సరిగా పూడ్చకుండా వదిలేసిన చోట, ఆ తవ్వకం ఏ శాఖ చేయించిందో సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీని అడిగి తెలుసుకున్నాకే రాయండి.

సచివాలయంలోనూ ఒక్కొక్కరికి ఒక్కో పని. నీళ్లు, రోడ్లు, కాలవలు, దీపాలు ఎమినిటీస్ సెక్రటరీవి. కసువు, దోమలు, కాలవల్లో పూడిక శానిటేషన్ సెక్రటరీ చూస్తారు. ఆక్రమణలు, అనుమతి లేని కట్టడాలు ప్లానింగ్ సెక్రటరీకి సంబంధించినవి. పెన్షన్లు, సంక్షేమ పథకాలు వెల్ఫేర్ సెక్రటరీ దగ్గర. వీళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు సచివాలయంలో అడిగి తీసుకుని ఇంట్లో గోడ మీద రాసిపెట్టుకోండి.

అర్జీ రాయడం

పని త్వరగా కావడమా, మూలన పడడమా అన్నది చాలావరకు ఇక్కడే తేలిపోతుంది, కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెబుతాను. ఒక అర్జీలో ఒకే సమస్య రాయండి. కాలవ, దీపం, కుక్కలు, మంచినీళ్లు అన్నీ ఒకే కాగితం మీద పెడితే అది ఏదో ఒక విభాగానికి వెళ్తుంది. ఆ విభాగం తన వంతు ఒక్కటి చేసి మొత్తం అర్జీని మూసేస్తుంది. నాలుగు సమస్యలుంటే నాలుగు అర్జీలు పెట్టడమే మేలు.

చేతిరాత చాలు, తెలుగులోనే రాయొచ్చు. టైపు చేయించడం తప్పనిసరి కాదు, అర్జీకి రుసుమూ లేదు. కాలవ సమస్యకు ఇలా రాస్తే సరిపోతుంది:

‘నెల్లూరు నగరపాలక సంస్థ కమిషనర్ గారికి, … డివిజన్, … వీధి నివాసులు రాసుకున్న అర్జీ. విషయం: సైడు కాలవ పూడిక తీయించి, విరిగిన భాగం కట్టించడం గురించి. అయ్యా, మా వీధిలో డోర్ నంబరు … నుంచి డోర్ నంబరు … వరకు సుమారు … మీటర్ల పొడవున కాలవ పూడిపోయింది. … ఇంటి ముందు కాలవ గోడ విరిగింది. వాన పడితే … ఇళ్లలోకి నీళ్లు వస్తున్నాయి. ఇదే విషయం … తేదీన సచివాలయంలో తెలియజేశాము. పూడిక తీయించి, విరిగిన చోట గోడ కట్టించవలసిందిగా కోరుతున్నాము. జత: ఫొటోలు, సంతకాలు.’

ఇందులో ముఖ్యమైనవి డోర్ నంబర్లు, కొలత. ‘వీధంతా బాగాలేదు’ అంటే ఏఈ అంచనా వేయలేరు. టేపు పట్టుకుని కొలిచి రాసిన అర్జీ ఆయన పని సగం తగ్గిస్తుంది. ఫొటోలు రెండు చాలు. ఒకటి సమస్య దగ్గరగా కనిపించేది, ఇంకొకటి పక్కనున్న గుడో, అంగడో, కరెంటు స్తంభం నంబరో కనిపించేటట్టు కాస్త దూరం నుంచి తీసింది. ఆ రెండో ఫొటో వల్ల ‘అలాంటి చోటు కనపడలేదు’ అనే జవాబుకు దారి ఉండదు.

సంతకాలు పెట్టినవాళ్ల డోర్ నంబరు, ఫోన్ నంబరు కూడా ఉండాలి. అందరికీ తెలిసిన ఒక్కరి ఫోన్‌ను ప్రధాన అర్జీదారుగా ఇవ్వండి, సందేశాలన్నీ దానికే వస్తాయి. వీలైతే ఆ ఒక్కరు పగలు వీధిలో ఉండేవాళ్లై ఉండాలి. అధికారి చూడ్డానికి వచ్చేది ఆఫీసు వేళల్లోనే. మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కింద పొదుపు సంఘం ఉన్న వీధుల్లో ఆ అక్కలను ముందు కలుపుకోండి. నీళ్లు ఎన్ని గంటలకు వస్తాయో, ఎక్కడ పైపు కారుతోందో వాళ్లకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. సంతకాలూ ఒక్క సాయంత్రంలో పూర్తవుతాయి.

ఎక్కడ ఇవ్వాలి

మూడు ప్రతులు తయారు చేసుకోండి. మొదటిది వార్డు సచివాలయంలో ఇచ్చి, ఆన్‌లైన్‌లో నమోదు చేయించి నంబరు తీసుకోవాలి. రెండోది కార్పొరేటర్‌కు. ‘తగు చర్య నిమిత్తం’ అని రాసి సంతకం చేయమని అడగండి, ఆ సంతకం ఉన్న కాగితాన్ని కార్పొరేషన్ ఆఫీసులో వచ్చిన కాగితాలు నమోదు చేసుకునే ఇన్వర్డులో ఇవ్వండి. మూడోది మీ దగ్గర ఉంచుకునేది. దాని మీద ఇన్వర్డు ముద్ర, తేదీ వేయించుకోకుండా బయటికి రావద్దు. ముద్ర అడగడానికి మొహమాటపడనక్కర్లేదు, అది మన హక్కు.

సచివాలయంలో కదలిక లేకపోతే సోమవారం ఉంది. ప్రజా సమస్యల పరిష్కార వేదిక ప్రతి సోమవారం జరుగుతుంది. నెల్లూరులో కార్పొరేషన్ ఆఫీసులోనూ, కలెక్టరేట్ తిక్కన ప్రాంగణంలోనూ అర్జీలు తీసుకుంటారు. ఒంగోలు వాళ్లకు అక్కడి కలెక్టరేట్‌లో. ఆధార్ కార్డు, ఫోన్, పాత అర్జీ నంబరు తీసుకెళ్లాలి. సెలవు రోజైతే, ఎన్నికల నియమావళి అమల్లో ఉంటే ఈ కార్యక్రమం ఉండదు, కాబట్టి దూరం నుంచి వచ్చేవాళ్లు ముందు రోజు పేపర్లో చూసుకుని బయలుదేరడం మంచిది. వీధి స్థాయి సమస్యకు మొదటి రోజే కలెక్టరేట్‌కు వెళ్లడం నాకు సరైన దారి అనిపించదు. అక్కడి నుంచి అది మళ్లీ కమిషనర్‌కే, ఆయన నుంచి మీ సచివాలయానికే వస్తుంది. కింద ఇచ్చిన నంబరు పట్టుకుని పైకి వెళ్తే ఆ అర్జీకి బరువు ఉంటుంది.

కదలలేని పెద్దవాళ్లకు, పనులు మానుకోలేని వాళ్లకు మన మిత్ర వాట్సాప్ సేవ ఉపయోగం. 2025 జనవరి 30న మొదలైంది, నంబరు 95523 00009. హాయ్ అని పంపితే సేవల జాబితా వస్తుంది, అందులో ఫిర్యాదు నమోదు చేసే వీలు కూడా ఉంది. అర్జీ ఎక్కడిదాకా వచ్చిందో 1100కి ఫోన్ చేసి తెలుసుకోవచ్చు.

అర్జీ ఇచ్చిన తర్వాత

పూడిక తీయడం, బల్బు మార్చడం లాంటివి ఉన్న సిబ్బందితోనే అయిపోతాయి. కొత్త కాలవ, సిమెంటు రోడ్డు అంటే దారి పొడుగు. ఏఈ చూసి అంచనా వేస్తారు, అది పై ఇంజినీర్లయిన డీఈ, ఈఈల మీదుగా పైకి వెళ్తుంది, నిధి ఏదో చూస్తారు, మొత్తాన్ని బట్టి కమిషనరో, స్టాండింగ్ కమిటీయో, కౌన్సిలో ఆమోదిస్తుంది, ఆ తర్వాత టెండరు. అందుకే ‘ఎప్పుడు చేస్తారు’ అని అడిగేకంటే ‘అంచనా తయారైందా, ఎవరి దగ్గర ఉంది’ అని అడగండి. రెండో ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పక తప్పదు.

కాలం కూడా చూసుకోవాలి. మన దగ్గర పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో పెన్నా పొంగి భగత్‌సింగ్ కాలనీ లాంటి ప్రాంతాలు నీట మునిగిన సంగతి ఎవరూ మరచిపోలేదు. అండర్ బ్రిడ్జిల్లో నీళ్లు నిలిచాక కాలవ పూడిక గురించి అర్జీ పెడితే అధికారులంతా నీళ్లు తోడే మోటార్ల వెనక ఉంటారు. పూడిక అర్జీ జూన్, జూలైల్లో పడాలి. కొత్త పని కావాలంటే ఏప్రిల్‌లో ఆర్థిక సంవత్సరం మొదలవక ముందే, బడ్జెట్ మీద చర్చ జరిగే రోజుల్లోనే కార్పొరేటర్ చేతిలో పెట్టాలి.

పని కాకుండానే ‘పరిష్కరించడమైనది’ అని ఫోన్‌కు సందేశం రావొచ్చు. అప్పుడు కోపంతో కొత్త అర్జీ పెట్టకండి, లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఎండార్స్‌మెంట్ కాపీ అడిగి తీసుకోండి, అధికారి ఏం రాశారో చదవండి, ఆ రోజు తీసిన ఫొటో జతచేసి పాత నంబరు మీదే అర్జీని తిరిగి తెరవమని కోరండి.

వీధి సమావేశానికి కార్పొరేటర్‌ను పిలవడం

దీనికి ఫారం లేదు, ఒక ఉత్తరం చాలు. తేదీ, చోటు, చర్చించాల్సిన రెండు మూడు విషయాలు రాసి కార్పొరేటర్‌కు ఇవ్వండి. దాని నకలు సచివాలయం అడ్మిన్ సెక్రటరీకి ఇచ్చి ఎమినిటీస్, శానిటేషన్ సెక్రటరీలను, విద్యుత్ లైన్‌మన్‌ను కూడా రమ్మని కోరండి. కార్పొరేటర్ ఒక్కరే వస్తే హామీతో ముగుస్తుంది. సిబ్బంది కూడా ఉంటే అక్కడికక్కడే నడిచి చూపించొచ్చు. ఆదివారం పెట్టాలని మనకు అనిపిస్తుంది కానీ సిబ్బందికి సెలవు. పనిరోజు సాయంత్రం పెట్టుకోవడం మేలు. ఎవరు ఏ పని ఏ తేదీలోపు చేస్తామన్నారో ఒక పుస్తకంలో రాసి, వచ్చినవాళ్లందరి చేత సంతకం చేయించండి. మూడు లక్షలు, అంతకు పైబడిన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగం 243ఎస్ అధికరణం చెబుతోంది. నెల్లూరు ఆ పరిధిలోకి వస్తుంది. మీ డివిజన్‌కు కమిటీ ఉందా అని ఆ సమావేశంలోనే అడగండి.

అదే సమావేశంలో వీధికి అందాల్సిన సేవలూ మాట్లాడుకోవచ్చు. పట్టణ ఆరోగ్య కేంద్రం, అంగన్‌వాడీ, దగ్గరలోని పార్కు ఎలా నడుస్తున్నాయో అడగొచ్చు. బిడ్డ పుట్టిన 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము ఉండదనీ, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు దాకా పోవాలనీ కొత్తగా కాపురానికి వచ్చిన కుటుంబాలకు చెప్పడం మరవొద్దు.

పాలకవర్గం గడువు మొదటి సమావేశం నుంచి ఐదేళ్లే. గత ఎన్నికలు ఒంగోలులో 2021 మార్చిలో, నెల్లూరులో అదే ఏడాది నవంబరులో జరిగాయి. గడువు తీరాక కొత్త కౌన్సిల్ వచ్చేలోపు ప్రత్యేకాధికారి పాలన ఉంటే ఈ విధానంలో కార్పొరేటర్ సిఫార్సు ఒక్కటే తగ్గుతుంది. సచివాలయం, ఇన్వర్డు, సోమవారం అర్జీలు అన్నీ అలాగే ఉంటాయి.

సమాచార హక్కు ఎప్పుడు వాడాలి

అర్జీకి నంబరు ఉండి, తిరిగి తెరిపించినా కదలకపోతే సమాచార హక్కు చట్టం కింద కార్పొరేషన్ పౌర సమాచార అధికారికి దరఖాస్తు పెట్టండి. రుసుము 10 రూపాయలు, తెల్లరేషన్ కార్డువాళ్లకు అదీ లేదు. ‘ఎందుకు చేయలేదు’ అని రాస్తే జవాబు రాదు. ‘… తేదీ … నంబరు అర్జీ మీద తీసుకున్న చర్య తాలూకు నోట్‌ఫైల్ నకలు, అంచనా నకలు ఇవ్వగలరు’ అని రాయాలి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోయినా, అరకొరగా ఇచ్చినా మరో 30 రోజుల్లోపు అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

పని జరిగిన వీధుల్లోనూ దీన్ని వాడొచ్చు. కాలవ కట్టాక ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) నకలు అడిగితే కాంట్రాక్టరుకు ఎన్ని మీటర్లకు బిల్లు రాశారో అందులో ఉంటుంది. అర్జీ రాసేటప్పుడు పట్టుకున్న టేపుతోనే మళ్లీ కొలవండి. తేడా ఉంటే ఆ రెండు అంకెలూ పక్కపక్కన రాసి, నకలు జతచేసి, వచ్చే సోమవారం కమిషనర్‌కే నేరుగా ఇవ్వండి.