కమ్యూనిటీ కాలేజీ నుంచి యూసీ మ్యాథ్స్ మేజర్‌కి వెళ్లాలంటే

కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలో చదువుతూ తర్వాత యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా)కి మారి మ్యాథ్స్ మేజర్ చేద్దామనుకుంటే మొదటి సెమిస్టర్‌లోనే అసిస్ట్ డాట్ ఆర్గ్ తెరవండి. మీ కాలేజీ, వెళ్లాలనుకునే క్యాంపస్, మేజర్ ఎంచుకుంటే ఇక్కడి ఏ క్లాసు అక్కడ దేనికి లెక్కలోకి వస్తుందో పక్కపక్కనే చూపిస్తుంది. ఆ పేజీ ప్రింట్ తీసుకునే కౌన్సెలర్‌ని కలవండి, ఎందుకంటే వాళ్లు రోజంతా అన్ని మేజర్ల పిల్లల్నీ చూస్తుంటారు, మీ లిస్టులో ఏదైనా తప్పిపోతే ముందు మీ కంటికే కనబడాలి.

మామూలుగా కావలసినవి కాల్క్యులస్ 1, 2, 3, లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్. ఒకటి పాసైతేగానీ తర్వాతి దాంట్లోకి రానివ్వరు, కాబట్టి వెళ్లే సెమిస్టర్ నుంచి వెనక్కి లెక్కేసుకోండి. ప్రీకాల్క్యులస్‌తో మొదలుపెట్టేవాళ్లకి రెండేళ్లు సరిపోవడం కష్టం, ఒక క్లాసైనా సమ్మర్‌లో పూర్తిచేయాల్సి వస్తుంది. మొత్తం 60 సెమిస్టర్ యూనిట్లు ఉండాలి.

ట్యాగ్ అనే అడ్మిషన్ గ్యారంటీకి సెప్టెంబరులోనే అప్లై చేయాలి, అదీ ఒక్క క్యాంపస్‌కే. బర్క్‌లీ, యూసీఎల్‌ఏ, శాన్‌డియాగోలకు ట్యాగ్ లేదు. అసలు అప్లికేషన్ సబ్మిట్ చేసేది అక్టోబరు, నవంబరుల్లో. జనవరిలో ఫాల్ గ్రేడ్లు అప్‌డేట్ చేయమంటారు, దాన్ని మాత్రం మర్చిపోకండి.

ఇదంతా ఓపికగా చేస్తే అయిపోయే పని. నాకు నిజంగా బెంగగా అనిపించేది సీటు వచ్చాక జరిగేది: కాల్క్యులస్‌లో అన్నీ A గ్రేడ్లే తెచ్చుకున్నవాళ్లు కూడా అప్పర్ డివిజన్‌లో, అంటే చివరి రెండేళ్ల క్లాసుల్లో, రియల్ అనాలిసిస్ (కాల్క్యులస్‌ని మొదటి నుంచి నిరూపిస్తూ చెప్పే క్లాసు) మొదలవగానే తడబడతారు, ఎందుకంటే అక్కడ జవాబు కనుక్కోమని కాదు, నిరూపించమని అడుగుతారు. x విలువ 2కి దగ్గరయ్యేకొద్దీ 3x+1 విలువ 7కి చేరుతుందని ఎవరైనా చెప్తారు. అదే ప్రూఫ్‌గా రాయమంటే, ఎవరో ఎప్సిలాన్ (7కి ఎంత దగ్గరగా రావాలో చెప్పే చిన్న సంఖ్య) ఇచ్చారనుకుని, డెల్టాని (x, 2కి ఎంత దగ్గరగా ఉండాలో చెప్పే సంఖ్యని) అందులో మూడో వంతుగా తీసుకుని, |x−2| డెల్టా కంటే తక్కువైతే, |(3x+1)−7| అంటే 3|x−2| కనుక అది ఎప్సిలాన్ కంటే తక్కువే ఉంటుందని వరుసగా చూపించాలి. ఈ నాలుగు ముక్కలూ పుస్తకం చూడకుండా సొంతంగా రాయగలిగేదాకా సాధన చేయండి.

మీ కాలేజీలో డిస్క్రీట్ మ్యాథ్స్ ఉంటే, మేజర్‌కి అవసరం లేకపోయినా తీసుకోండి, ప్రూఫ్‌లు రాయడం అక్కడే అలవాటవుతుంది. లీనియర్ ఆల్జీబ్రాలో సిద్ధాంతాల నిరూపణలు దాటేయకండి, అర్థం కాకపోతే ఆఫీస్ అవర్స్‌కి వెళ్లి ప్రొఫెసర్ ముందు బోర్డు మీద రాసి చూపించండి. యూసీకి వెళ్లిన మొదటి టర్మ్‌లో అనాలిసిస్, ఆబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రా (ఇదీ ప్రూఫ్‌ల క్లాసే) రెండూ కలిపి పెట్టుకోవద్దు. ప్రూఫ్‌లు నేర్పే పరిచయ క్లాసు ఉంటే ముందు అది తీసుకోండి, ఒక టర్మ్ ఆలస్యమైనా సరే.