మెడికెయిడ్‌తో నర్స్ మిడ్‌వైఫ్ దగ్గర కాన్పు: బిల్లు మీ మీద పడకుండా ఏం చూసుకోవాలి

అమెరికాలో మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) ఉన్న గర్భిణి నర్స్ మిడ్‌వైఫ్ (కాన్పులు చేయడంలో శిక్షణ పొందిన నర్సు) దగ్గర చూపించుకుంటే ఆ ఖర్చు మెడికెయిడ్ భరించి తీరాలి. ఏ రాష్ట్రమూ కాదనడానికి లేదు. 1980 నాటి ఫెడరల్ చట్టం అది. 1993 నుంచి కాన్పుకే కాక, రాష్ట్రం నర్స్ మిడ్‌వైఫ్‌కు అనుమతించిన మిగతా వైద్యానికీ వర్తిస్తోంది. అయినా బాలింత ఇంటికి బిల్లులు వస్తూనే ఉంటాయి. చాలాసార్లు కారణం ముందే సరిచేసుకోగలిగిన చిన్న పొరపాటే.

ముందుగా మిడ్‌వైఫ్ పేరు పక్కన ఏ అక్షరాలున్నాయో చూడండి. సీఎన్ఎం (సర్టిఫైడ్ నర్స్ మిడ్‌వైఫ్) అని ఉంటే నర్సింగ్ చదివి, ఆపైన మిడ్‌వైఫరీ పరీక్ష పాసైనవారు. సీపీఎం (సర్టిఫైడ్ ప్రొఫెషనల్ మిడ్‌వైఫ్) వేరు. వాళ్లకు నర్సింగ్ చదువు ఉండనక్కర్లేదు, వాళ్లకు మెడికెయిడ్ డబ్బు కట్టడం రాష్ట్రాన్నిబట్టి ఉంటుంది. ఇంటి దగ్గర కాన్పు విషయంలోనూ అంతే. ఇండియాలో ఉన్న అమ్మ, అత్తయ్య మంత్రసాని అనుకుని కంగారుపడితే చెప్పండి: సీఎన్ఎం మందులు రాస్తారు, ఎక్కువమంది ఆసుపత్రిలోనే కాన్పు చేస్తారు. సిజేరియన్ అవసరమైతే డాక్టరుకు అప్పగిస్తారు.

మెడికెయిడ్ దరఖాస్తుకు గడువు తేదీ లేదు. ఉద్యోగం పోయి ఇన్సూరెన్స్ ఆగిపోయిన నెలలోనే పెట్టుకోవచ్చు. ఇంట్లో ఎంతమంది అన్నచోట కడుపులో బిడ్డనూ కలపండి: భార్యాభర్తలు, తొలి కాన్పు అయితే ముగ్గురు, కవలలైతే నలుగురు. ఇది వదిలేస్తే అర్హత ఉండి కూడా ఆదాయం ఎక్కువని తిరస్కరిస్తారు. మామూలుగా 45 రోజుల్లోపు నిర్ణయం చెప్పాలి. గ్రీన్‌కార్డు వచ్చి ఐదేళ్లు కానివారినీ, హెచ్4 (హెచ్1బీ ఉద్యోగి మీద ఆధారపడ్డవారి వీసా) మీద ఉన్నవారినీ చేర్చుకునే వెసులుబాటు 2009 నుంచి రాష్ట్రాలకుంది. కొన్ని వాడుకున్నాయి, కొన్ని వాడుకోలేదు. అందుకే మీ రాష్ట్ర మెడికెయిడ్ ఆఫీసులో అడగండి, వీసా సంగతి లాయరుతో మాట్లాడండి.

కొన్ని రాష్ట్రాల్లో క్లినిక్‌లోనే అప్పటికప్పుడు తాత్కాలిక కవరేజీ ఇస్తారు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. అది నెలనెలా చూపించుకోవడానికే పనికొస్తుంది, కాన్పుకు పనికిరాదు. పూర్తి దరఖాస్తు పెట్టకపోతే వచ్చే నెలాఖరుకు ఆగిపోతుంది. కాబట్టి ఆ రోజే పూర్తి దరఖాస్తు కూడా పెట్టేయండి.

చాలా రాష్ట్రాల్లో మెడికెయిడ్‌ను ప్రైవేటు కంపెనీల ప్లాన్ల ద్వారా నడుపుతారు. ఒకే కంపెనీ ఉద్యోగుల ప్లానూ, మెడికెయిడ్ ప్లానూ అమ్ముతుంది. కంపెనీ పేరు చెప్పి "తీసుకుంటారా?" అంటే రిసెప్షన్‌లో అవుననేస్తారు. మీ కార్డు మీదున్న ప్లాన్ పేరు మొత్తం చదివి వినిపించండి. మిడ్‌వైఫ్ ఏ ఆసుపత్రిలో కాన్పు చేస్తారు, ఆ ఆసుపత్రి ఈ ప్లాన్‌లో ఉందా, సిజేరియన్ అయితే ఏ డాక్టరు వస్తారు, ఆయనా ఉన్నారా అని అడగండి. తర్వాత ప్లాన్‌కు ఫోన్ చేసి ఇవే ప్రశ్నలు వేసి, తేదీ, మాట్లాడినవారి పేరు రాసుకోండి. తెలుగు దుబాసీని అడగండి, ఉచితం. కుదరకపోతే చేరిన 90 రోజుల్లోపు కారణం చెప్పకుండానే ప్లాన్ మార్చుకోవచ్చు. లైసెన్సున్న బర్త్ సెంటర్‌లో (ఆసుపత్రి కాని కాన్పు కేంద్రంలో) అయితే సెంటర్ ఫీజు, మిడ్‌వైఫ్ ఫీజు వేర్వేరు బిల్లులు కాబట్టి రెంటి గురించీ అడగాలి.

బిల్లు వస్తే వెంటనే కట్టేయకండి. కాగితం మీద ఏ ఇన్సూరెన్స్ నంబరుందో చూడండి. పాత ఉద్యోగం కార్డుకు పంపి ఉంటే, బిల్లింగ్ ఆఫీసుకు మెడికెయిడ్ నంబరిచ్చి మళ్లీ పంపమనాలి. రెండు ఇన్సూరెన్సులూ ఉంటే ముందు ఉద్యోగానిదే కట్టాలి, మిగిలింది మెడికెయిడ్ చూసుకుంటుంది. గర్భానికి సంబంధించిన సేవలకు కోపే (మీ జేబులోంచి కట్టే వాటా) లేదు. మెడికెయిడ్ ఒప్పుకున్నవారు అదిచ్చింది తీసుకోవాలి, పై తేడా మీ దగ్గర వసూలు చేయకూడదు. ప్లాన్ తిరస్కరిస్తే నోటీసు తేదీ నుంచి 60 రోజుల్లోపు అప్పీలు చేసుకోవాలి. అక్కడా కాదంటే, ఆ నిర్ణయం నోటీసు తేదీ నుంచి రాష్ట్రాన్నిబట్టి 90 నుంచి 120 రోజుల్లోపు రాష్ట్రం దగ్గర హియరింగ్ కోరవచ్చు.

కాన్పు నాటికి తల్లికి మెడికెయిడ్ ఉంటే బిడ్డకు మొదటి పుట్టినరోజు దాకా వేరే దరఖాస్తు అక్కర్లేదు. కానీ పుట్టినట్టు రాష్ట్రానికి తెలియాలి. డిశ్చార్జ్‌కు ముందే ఆసుపత్రి సోషల్ వర్కర్‌ను "బిడ్డ పుట్టిన సంగతి రాష్ట్రానికి పంపారా?" అని అడగండి. బిడ్డకు నంబరు రాకముందే వెళ్లిన క్లెయిములే తిరిగొస్తుంటాయి. తల్లికి ఇప్పుడు దాదాపు అన్ని రాష్ట్రాల్లో కాన్పు తర్వాత 12 నెలలు కవరేజీ ఉంటుంది. కుట్ల నొప్పి, పాలు పడకపోవడం, దిగులు... దేనికైనా అదే మిడ్‌వైఫ్ దగ్గరికి వెళ్లవచ్చు.