నైరోబీలో చీకటి పడ్డాక కారెక్కి ఇంటికి చేరడం ఎలా?

నైరోబీకి కొత్తగా వచ్చే మన అమ్మాయిలకు అందరూ చెప్పేది ఒకటే: "చీకటి పడితే బయట ఉండకు." ఆ మాట చెప్పేసి చేతులు దులుపుకుంటారు. ఉద్యోగం చేసుకునే మనిషికి అదెలా కుదురుతుంది? భూమధ్యరేఖకు దాదాపు 140 కిలోమీటర్ల దక్షిణాన ఉన్న ఊరిది. ఏడాది పొడుగునా ఆరున్నర అటూఇటుగా పొద్దు గుంకుతుంది. మన ఎండాకాలం సాయంత్రాల్లా వెలుతురు సాగదు, ఇరవై నిమిషాల్లో కటిక చీకటి. ఐదున్నరకు ఆఫీసులోంచి బయటపడినా ట్రాఫిక్‌లోనే చీకటి పడిపోతుంది. కాబట్టి నేర్చుకోవాల్సింది చీకట్లో ఇంటికి చేరే పద్ధతి. పార్క్‌లాండ్స్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నాను. హైదరాబాద్ నుంచి, కాకినాడ నుంచి వచ్చిన ఎంతోమంది అమ్మాయిలను మొదటి నెలల్లో మా ఇంట్లో పెట్టుకున్నాను. దాదాపు అందరూ ఒకేచోట తప్పు చేశారు. గేటుకూ కారు తలుపుకూ మధ్య.

సామాను సంగతి త్వరగా చెప్పేస్తాను. లోపలివైపు జిప్పు జేబున్న జాకెట్ ఒకటి కొనుక్కోండి. ఊరు 1,800 మీటర్ల దగ్గర ఎత్తులో ఉంది, జులైలో సాయంత్రాలు చలి. ఎలాగూ వేసుకోవాల్సిందే. అడ్డంగా వేసుకునే చిన్న బ్యాగు, పాస్‌పోర్టు జిరాక్సు, కాగితం మీద రాసిపెట్టుకున్న రెండు ఫోన్ నంబర్లు. బంగారం ఇంట్లో వదిలేయండి. మంగళసూత్రం తీయడం ఇష్టం లేనివాళ్లు పసుపుతాడుకు కట్టుకుని లోపలికి వేసుకోండి. గొలుసు మెడ మీద కనపడకూడదు.

ఫోన్ ఇక్కడ పర్సు కూడా. 2007లో మొదలైన ఎం-పెసా అనే ఫోన్ చెల్లింపుల సేవతోనే టమాటాల నుంచి ఇంటద్దె దాకా కట్టేస్తారు. ఫోన్ పోతే డబ్బూ పోయే అవకాశం ఉంది. అందుకే సిమ్‌కు విడిగా లాక్ పెట్టండి. ఎం-పెసా పిన్‌గా పుట్టిన సంవత్సరం పెట్టకండి.

పగలు నడవడం పెద్ద కష్టమేం కాదు. టామ్ మ్‌బోయా స్ట్రీట్, రివర్ రోడ్ లాంటి రద్దీ వీధుల్లో బ్యాగు ముందుకు, ఫోన్ లోపలికి. మటాటు అంటే ఇక్కడి మినీబస్సు. ఎక్కేటప్పుడు లోపల ఆడవాళ్లు, పెద్దవాళ్లు కూర్చుని ఉన్నారా అని చూడండి. ఖాళీ మటాటు ఎక్కొద్దు. కిటికీ పక్కన కూర్చుని ఫోన్ తీయొద్దు. దిగాలంటే "షుకిషా!" అని గట్టిగా అనండి. రాత్రిపూట మటాటు వద్దు, బోడాబోడా అనే బైకు ట్యాక్సీ అసలే వద్దు. ఇందులో నా దగ్గర మినహాయింపులు లేవు.

ఇక అసలు సంగతి, యాప్‌లో పిలిచిన కారు ఎక్కడం.

కాకినాడ నుంచి వచ్చిన ఒకమ్మాయి మొయ్ అవెన్యూలో ఆఫీసు ముందు నిలబడి నాకు ఫోన్ చేసింది. "అక్కా, కారు దగ్గరికి వచ్చేసింది, రెండు నిమిషాలు" అంది. తర్వాత మాట లేదు. ఆ రెండు నిమిషాలూ తను ఫుట్‌పాత్ అంచున నిలబడి, మ్యాపులో కదులుతున్న బొమ్మను చూస్తూ, మధ్యమధ్య ఫోన్ పైకెత్తి వచ్చే బండ్ల నంబర్లతో పోల్చుకుంటోందట. చీకట్లో ఆ తెర వెలుగు ఎంత దూరానికి కనపడుతుందో తనకు తట్టలేదు. వెనక నుంచి పరుగెత్తుకుంటూ వచ్చిన కుర్రాడు ఫోన్ లాక్కుని అదే ఊపులో రోడ్డు దాటేశాడు. అదృష్టం, వేళ్లు గీసుకుపోయాయంతే. అప్పటికి కారు వంద అడుగుల దూరంలో ఉంది, కానీ ఫోన్ లేకుండా అది ఏ కారో తనకు తెలియదు. నంబరు గుర్తు పెట్టుకోలేదు.

అందుకే, కారును లోపల కూర్చునే పిలవండి. గార్డు బల్ల దగ్గర, వెలుతురులో. బుక్ అయిన వెంటనే నంబరును బయటికి చదివి కంఠస్థం చేయండి. ఇక్కడి కార్ల నంబరు కె తో మొదలయ్యే మూడక్షరాలు, మూడంకెలు, చివర ఒక అక్షరం. చాలామంది మొదటి మూడక్షరాలు చూసి "అదే, అదే" అని పరుగెడతారు. అవి వేల కార్లకు ఒకటే. మీరు పట్టుకోవాల్సింది తోక: మూడంకెలూ చివరి అక్షరమూ. ఆ నాలుగూ నోటికొచ్చాక ఫోన్ లోపలి జేబులో పెట్టి జిప్పు వేసేయండి. కారు కోసం అద్దంలోంచి చూడండి. చేతిలో ఫోన్ పెట్టుకుని గుమ్మం దాటొద్దు.

డ్రైవరు ఫోన్ చేసి "నేను రోడ్డుకు అవతల ఉన్నాను, మీరే దాటి రండి" అంటాడు. పదిలో ఎనిమిదిమంది అమ్మాయిలు మొహమాటానికి పోయి దాటేస్తారు. దాటకండి. అతను మంచివాడే కావచ్చు, యూటర్న్ దూరమై ఉండవచ్చు, అయినా దాటకండి. "న్‌జో గేటిని, తఫధాలి" అనండి, దయచేసి గేటు దగ్గరికి రండి అని అర్థం. రానంటే రద్దు చేసి ఇంకో కారు పిలవండి. పది నిమిషాలు ఆలస్యమైతే ఏమీ కాదు.

కారు వచ్చాక గార్డును కూడా రమ్మనండి. ఇక్కడ అస్కారీ అంటారు, ప్రతి భవనానికీ ఉంటాడు. రోజూ పొద్దున పలకరించే మనిషికి సాయంత్రం ఇరవై అడుగులు తోడు వస్తాడు, అందుకే మొదటి రోజే పేరు అడిగి తెలుసుకోండి. కారు దగ్గర మీ పేరు మీరు చెప్పొద్దు. "లక్ష్మి కోసమేనా?" అంటే ఎవరైనా అవునంటారు. "ఎవరి కోసం వచ్చారు?" అని అడగండి, అతనే చెప్పాలి. యాప్‌లో పిన్ పద్ధతి ఉంటే అదీ పెట్టుకోండి.

ఎక్కడం వెనక ఎడమ తలుపు నుంచి. ఇక్కడ కూడా మనలాగే ఎడమవైపు నడుపుతారు కాబట్టి ఆ తలుపు ఫుట్‌పాత్ వైపు తెరుచుకుంటుంది, డ్రైవరు చేతులూ ముఖమూ కనపడతాయి. డ్రైవరు వెనకాలే కూర్చోమని చెప్పేవాళ్లున్నారు. అక్కడి నుంచి అతని తల వెనకభాగం తప్ప ఏం కనపడుతుంది? కూర్చోబోయే ముందు తలుపు అంచున ఉండే చైల్డ్ లాక్ మీట చూడండి. అది వేసి ఉంటే తలుపు లోపలి నుంచి రాదు. తీయమని అడగండి, తీయకపోతే ఎక్కకండి. ఎక్కాక అద్దాలు పూర్తిగా పైకి, తలుపులు లాక్. సిగ్నల్ దగ్గర, రౌండబౌట్ దగ్గర ఆగినప్పుడు ఫోన్ ఒళ్లోనే ఉండాలి, కిటికీ ఎత్తుకు రాకూడదు.

"ట్రిప్పు రద్దు చేసి డబ్బు నాకే పంపండి, తక్కువకు తీసుకెళ్తాను" అనే బేరం మీకు తప్పకుండా ఎదురవుతుంది. ఒప్పుకున్న క్షణం నుంచి మీరు ఆ కారులో ఉన్నట్టు ఎక్కడా రికార్డు ఉండదు.

లొకేషన్ పంపేది ఇదే ఊళ్లో ఉన్న ఒక్క మనిషికి. ఇంట్లోవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టి తృప్తి పడకండి. ఇక్కడ రాత్రి తొమ్మిదంటే గుంటూరులో పదకొండున్నర. నిద్రలో ఉన్న అమ్మ ఏం చేయగలదు? పైగా పది మందికి పంపితే, ఎవరో చూస్తున్నారులే అని ఎవరూ చూడరు. ఆ ఒక్కరికీ కారు కదలగానే డ్రైవరుకు అర్థమయ్యే భాషలో, పైకి వినపడేలా ఫోన్ చేయండి: "కారు నంబరు ఇది, ఇన్ని నిమిషాల్లో ఇంట్లో ఉంటాను." దారి మారినట్టో, మాట తేడాగానో అనిపిస్తే "సిమామా హపా", అంటే ఇక్కడ ఆపండి అని. దిగడం పెట్రోల్ బంకులోనో, సరిత్ సెంటర్ లాంటి మాల్ గేటు దగ్గరో. జనం లేని చోట దిగొద్దు.

అరవాల్సి వస్తే "సైదియా!" అనండి, సాయం చేయమని. "మ్‌విజీ", దొంగ, అని మాత్రం అరవకండి. ఆ ఒక్క మాటకు గుంపు పోగై దొరికినవాణ్ణి ప్రాణం పోయేలా కొట్టిన ఘటనలు ఈ ఊళ్లో ఉన్నాయి. ఫోన్ కోసం అంత దారుణం జరగకూడదు. ఆ గుంపు మధ్యలో మీరూ సురక్షితంగా ఉండరు.

బయట తాగే గ్లాసు వదిలి వెళ్లొద్దు. పానీయంలో మత్తుమందు కలపడాన్ని ఇక్కడి కుర్రకారు మ్‌చెలే అంటారు, మాటకు అర్థం బియ్యం. కొత్తగా పరిచయమైన మనిషిని రోజువారీ అద్దె ఫ్లాట్లలో కలవొద్దు. 2024 జనవరిలో అలాంటి ఫ్లాట్లలో ఆడవాళ్లు హత్యకు గురయ్యాకే, ఆ నెల 27న నైరోబీ వీధుల్లోకి వేలమంది వచ్చారు.

కత్తి చూపించి అడిగితే ఫోన్ ఇచ్చేయండి. అంతకంటే ఘోరం జరిగితే, తప్పు మీది కాదు. స్నానం చేయకుండా ముందు ఆసుపత్రికి వెళ్లండి. హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందు 72 గంటల్లోపు మొదలవ్వాలి, ఎంత ముందైతే అంత మంచిది. నైరోబీ విమెన్స్ హాస్పిటల్‌లో 2001 నుంచి ఇందుకోసమే ఒక కేంద్రం ఉంది. ఇలాంటి హింసకు గురైనవాళ్ల హెల్ప్‌లైన్ 1195కు ఫోన్ ఉచితం, పోలీసులకు 999 లేదా 112. ఒంటరిగా వెళ్లకండి, నాలాంటి ఏ అక్కనైనా అర్ధరాత్రి లేపండి.

ఇల్లు చేరాక గేటు బయట దిగి నిలబడొద్దు. హారన్ కొట్టించండి, అస్కారీ గేటు తీయాలి, కారు లోపలికి రావాలి, వెనకాల గేటు మూయాలి. అప్పుడు దిగండి. "వచ్చేశాను" అని ఫోన్ చేయడం లిఫ్టులోంచి కాదు, ఇంటి తలుపు గడియ వేశాక.