చేతికర్ర మళ్లీ మళ్లీ వంకర పోతోందా? కోసిన చివర చూడండి

కొమ్మతో చేసిన చేతికర్ర పాడైందంటే చాలామంది చెట్టునో వార్నిష్‌నో తప్పుబడతారు. ఉలి పట్టకముందే చూడాల్సినవి రెండున్నాయి: బరువు, కోసిన చివర. ఈ రెండూ చూసేవాళ్లే తక్కువ.

ముందు బరువు. వారానికోసారి కర్రను తూకం వేసి, ఆ అంకెను కర్ర మీదే పెన్సిల్‌తో రాయండి. మూడు నాలుగు వారాలు వరసగా మారకపోతే ఆరినట్టు. తగ్గుతూనే ఉందంటే లోపల పచ్చి ఉంది. పైన చేతికి పొడిగా తగిలినంత మాత్రాన ఆరిందని నమ్మకండి.

చివర్లు నెర్రెలిచ్చాయి

కర్రలో నీరు పక్కల నుంచి కంటే కోసిన చివర్ల నుంచి ఎన్నో రెట్లు వేగంగా పోతుంది. చివర ముందే ఆరి కుంచించుకుంటుంది, లోపలి భాగం ఇంకా అలాగే ఉంటుంది, దాంతో చీలుతుంది. నరికిన రోజే రెండు చివర్లకూ మైనమో పెయింటో దట్టంగా పూసి, నీడలో ఆరబెట్టండి. కావలసిన పొడవు కంటే రెండు వైపులా జానెడేసి ఎక్కువ ఉంచుకుంటే, పగిలినా ఆ ముక్క కోసేయొచ్చు.

సాపు చేశాక మళ్లీ వంకర పోయింది

ఆవిరి పట్టి, సాపు చేసి బిగించి, చల్లారాక విప్పితే గీత గీసినట్టు ఉంటుంది. కొన్నాళ్లకు అదే చోట, అదే వైపు మళ్లీ వంగుతుంది. నన్ను బాగా ఏడిపించింది ఇదే. కర్ర ఆరే ఉంటుంది కాబట్టి తూకం కూడా దీన్ని పట్టివ్వదు.

కారణం కొమ్మ పెరిగిన తీరు. పక్కకు వాలి పెరిగే కొమ్మ తన బరువు తానే మోసుకోవాలి. అందుకని చెట్టు ఒక వైపు వేరే రకం కర్ర కడుతుంది. వెడల్పాకుల చెట్లలో అది పైవైపు, పైన్ జాతి చెట్లలో కిందివైపు. మామూలు కర్ర ఆరేటప్పుడు నిలువునా 0.1 నుంచి 0.2 శాతం మాత్రమే కుదించుకుంటుంది. ఈ కర్ర అంతకు ఎన్నో రెట్లు కుదించుకుంటుంది. గాలిలో తేమ మారినప్పుడల్లా ఆ పక్క పెరుగుతూ తరుగుతూ మీరు తీసిన వంపును తిరిగి తెచ్చిపెడుతుంది. చూపుకు తిన్నగా ఉన్న కొమ్మలోనూ ఇది దాగి ఉంటుంది.

పరీక్ష తేలిక. అడుగునున్న రబ్బరు తొడుగు లాగేసి, పలచని బిళ్ల ఒకటి కోయండి. ఉప్పుకాగితంతో రుద్ది, తడిగుడ్డతో తుడిస్తే నడిమి చుక్క, అంటే దవ్వ, తేలుతుంది. అన్ని పక్కలా సమానంగా చెక్కిన 30 మిల్లీమీటర్ల కర్రలో ఆ చుక్క ఒక అంచుకు 10, రెండో అంచుకు 20 మిల్లీమీటర్ల దూరంలో ఉందనుకోండి. వంపు లోపలి వైపు కూడా ఆ 20 ఉన్న వైపే అయితే దొరికినట్టే. వెడల్పాకుల చెట్టు కర్రయితే ఆ పక్క ఎంత రుద్దినా నూగు లేస్తుంటుంది, అదీ ఒక ఆనవాలే.

దీనికి మందు లేదు. వంపు కొద్దిగా ఉంటే చివర్లతో సహా వార్నిష్ పట్టించి అలాగే వాడుకోండి, తేమ రాకపోకలు నెమ్మదిస్తాయి. ఎక్కువైతే దాని మీద ఇంకో గంట కూడా ఖర్చు పెట్టకండి, కోసి పొట్టి పిడులు చేసుకోండి. కొత్త కర్రకు నిట్టనిలువుగా పెరిగిన రెమ్మ వెతకండి. నరికిన వెంటనే, బెరడు తీయకముందే, రెండు చివర్లూ చూడండి. చుక్క బాగా పక్కకు జరిగి ఉంటే ఆ కొమ్మను అక్కడే వదిలేయండి.

రబ్బరు తొడుగు వదులైంది

పచ్చిగా ఉండగానే తొడిగారు, ఆరేకొద్దీ కర్ర సన్నబడింది. బరువు నిలకడగా ఉందని తేలాక అడుగున టేపు చుట్టి తొడగండి. తొడుగు అడుగు అరిగిపోయి ఉంటే కొత్తది వేయండి.

పొడి రాలుతోంది

పుప్పి పట్టింది. మిగతా చెక్క సామానుకు దూరంగా తీసేయండి.

ముడి దగ్గర విరిగింది

జిగురు పెట్టి మళ్లీ వాడకండి, మనిషి బరువు ఆనే కర్ర అది. ఈసారి మందంలో సగం ఆక్రమించిన ముడి కనిపిస్తే ఆ కొమ్మ జోలికే పోకండి.