కొత్త ఎనిమోన్ కుదురుకోవట్లేదా? ముందు పాదం, నోరు చూడండి

మొన్న రాత్రి పదిన్నరకి వైజాగ్ ఎంవీపీ కాలనీ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. ఉప్పునీటి అక్వేరియంలో ఎనిమోన్ పెంచుతున్నాడు, అది పువ్వులా కనిపించే సముద్ర జీవి. "అన్నా, ఎనిమోన్ తెచ్చి మూడ్రోజులైంది. మొదట్రోజు పువ్వులా విచ్చుకుంది. ఇప్పుడు చూస్తే పిండేసిన గుడ్డలా పడుంది. ఏటి చెయ్యమంటావు, తీసేయనా?" గొంతులో టెన్షన్ తెలుస్తోంది. వీడియో పంపమన్నాను. పాదం (దాని అడుగుభాగం) రాయిని గట్టిగానే పట్టుకుంది. నోరు మూసుకునే ఉంది. "చెయ్యి పెట్టకు, లైటు ఆపేసి పడుకో" అన్నాను. మర్నాడు మధ్యాహ్నానికి అరచెయ్యంత విచ్చుకున్న ఫోటో పంపాడు.

ఆ రాత్రి అతను దాన్ని రాయి మీంచి లాగి ఉంటే పాదం చిరిగేది. చిరిగిన చోటి నుంచే కుళ్ళు మొదలవుతుంది. అందుకే ఎవరడిగినా మొదట ఇదే చెబుతాను: ఏ లక్షణం కనిపించినా ముందు పాదం చూడండి, తర్వాత నోరు చూడండి, ఆ తర్వాత నీళ్ళు టెస్ట్ చేయండి. చెయ్యి పెట్టడం అన్నిటికన్నా ఆఖరు. పాదం దేన్నో ఒకదాన్ని పట్టుకుని, నోరు బిగుతుగా మూసుకుని ఉంటే మీకు టైం ఉంది. పాదం వదిలేసి, నోరు తెరుచుకుని, లోపలి పొరలు బయటికి వేలాడుతుంటే టైం లేదు.

నేను చెప్పేది ముఖ్యంగా బబుల్ టిప్ ఎనిమోన్ గురించి. మొదటిసారి పెంచేవాళ్ళకి అదే నయం. కార్పెట్ ఎనిమోన్ చూడ్డానికి ఎంతో బాగుంటుంది గానీ చిన్న చేపల్ని పట్టి మింగేస్తుంది, చోటు కూడా చాలా కావాలి.

తెచ్చిన రోజు ముడుచుకుని ఉంది

ఇది జబ్బు కాదు, ప్రయాణ బడలిక. షాపు నీళ్ళకీ మీ నీళ్ళకీ సాలినిటీలో, అంటే నీళ్ళలోని ఉప్పు మోతాదులో, తేడా ఉండటం కూడా కారణమే. చాలా షాపుల్లో చేపల కోసం సాలినిటీ తక్కువగా ఉంచుతారు. అక్కడ 1.020లో ఉన్నదాన్ని తెచ్చి నేరుగా 1.026లో వేస్తే అది తట్టుకోలేదు (మంచినీళ్ళ కన్నా ఉప్పునీళ్ళు ఎన్ని రెట్లు బరువో చెప్పే అంకెలివి).

మెడికల్ షాపులో సెలైన్ సెట్ ఒకటి కొనుక్కోండి. ఒక కొస ట్యాంకులో, ఇంకో కొస ఎనిమోన్ ఉన్న బకెట్‌లో పెట్టి, దాని చక్రం తిప్పి సెకనుకి మూడు నాలుగు చుక్కలు పడేలా చూడండి. బకెట్‌లో నీళ్ళు రెట్టింపు అయ్యేసరికి గంటన్నర, రెండు గంటలు పడుతుంది. అంతసేపూ బకెట్ నీళ్ళ వేడి మారకుండా చూసుకోండి. ఏసీ గదిలో నేల మీద పెట్టి వదిలేయకండి.

ఒక్క మినహాయింపు ఉంది. బయటి ఊరి నుంచి ఒక రోజంతా ప్రయాణం చేసి వచ్చిన బ్యాగులో అమ్మోనియా పేరుకుని ఉంటుంది. బ్యాగు విప్పి గాలి తగలగానే నీటి పీహెచ్ పెరుగుతుంది, దాంతో ఆ అమ్మోనియా ఇంకా విషం అవుతుంది. అలాంటప్పుడు గంటల తరబడి చుక్కలు వేస్తూ కూర్చోకూడదు. పంపేవాళ్ళని ముందే సాలినిటీ ఎంతో అడిగి, అదే సాలినిటీతో కొత్త నీళ్ళు కలిపి ఉంచుకుని, రాగానే అందులోకి మార్చి, అక్కడి నుంచి నిదానంగా పెంచండి.

మొదటి రోజు లైటు వేయకండి. తర్వాత రెండు వారాల్లో కొద్దికొద్దిగా పెంచండి. షాపులో మసక ట్యూబ్‌లైట్ కింద ఉన్నదానికి మీ ఎల్ఈడీ నడినెత్తిన ఎండలాంటిది.

రోజూ ఒకసారి ముడుచుకుని గోధుమ రంగు తీగల్లాంటివి కక్కుతోంది

కక్కనివ్వండి. ఎనిమోన్‌కి తినడానికీ విసర్జించడానికీ ఒకటే ద్వారం. లోపలి నీళ్ళు వదిలేసి, మళ్ళీ కొత్త నీళ్ళు నింపుకుంటుంది. కొన్ని గంటల్లో తిరిగి ఉబ్బితే చేయాల్సింది ఏమీ లేదు. ఒక రోజు దాటినా ముడుచుకునే ఉంటేనో, రోజులో పదేపదే ముడుచుకుంటుంటేనో నీళ్ళు టెస్ట్ చేయండి.

పెట్టిన చోట ఉండకుండా తిరుగుతోంది

నాకు వచ్చే ఫోన్లలో సగం దీని గురించే. తిరగడం అంటే దానికి ఆ చోటు నచ్చలేదని. నీటి వడి ఎక్కువై ఉండొచ్చు, తక్కువై ఉండొచ్చు. లైటు చాలకపోవచ్చు, మరీ ఎక్కువ కావచ్చు. పాదం దాచుకోవడానికి సందు లేకపోవచ్చు. ఈ మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు. బబుల్ టిప్ పాదాన్ని రాతి పగులు లోపలికి చొప్పించి, పైన టెంటకిల్స్ (వేళ్ళలాంటి భాగాలు) మాత్రమే వెలుగులోకి చాపుతుంది. చదునైన రాయి మీద పువ్వులా కూర్చోబెడితే మనకి బాగుంటుంది, దానికి బాగుండదు. రెండు మూడు అంగుళాల లోతు రంధ్రం ఉన్న రాయి చూసుకుని, ట్యాంకు మధ్య ఎత్తులో పెట్టి, ఆ రంధ్రం దగ్గర ఎనిమోన్‌ని వదలండి. పది నిమిషాలు పంపులు ఆపితే పాదం పట్టు దొరుకుతుంది.

ఆ తర్వాత కూడా కదిలితే కదలనివ్వండి. రోజుకో చోటికి మార్చి మార్చి పెట్టేవాళ్ళు ఉన్నారు, దానివల్ల అది ఎక్కడా కుదురుకోదు. లైటునీ వడినీ ఒకే రోజు మార్చకండి. ఒకటి మార్చి, వారం చూడండి. వెళ్ళకూడని చోటికి వెళ్ళిందనుకోండి, చిన్న పంపుతో పాదం వైపు నీళ్ళు తగిలేలా పెడితే తనంతట తనే కదులుతుంది. లేదా రాయితో సహా ఎత్తి మార్చండి. గోళ్ళతో పీకకండి.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం పంపు. ఎనిమోన్ తిరుగుతూ రాత్రిపూట వేవ్‌మేకర్ (ట్యాంకు నీళ్ళని కదిలించే పంపు) దగ్గరికి వెళ్తే పొద్దున్నకి ముక్కలుగా తేలుతుంది, దానిలోని విషంతో చేపలు కూడా పోతాయి. నా మొదటి ఎనిమోన్ అలాగే పోయింది. పొద్దున్న ఐదింటికి లేచి చూసేసరికి ట్యాంకులో నీళ్ళు గంజిలా ఉన్నాయి, వేవ్‌మేకర్ జల్లెడకి గులాబీ రంగు పీలికలు చుట్టుకుని ఉన్నాయి. దానికి తొడిగే గార్డు కొనాలని వారం నుంచి అనుకుంటూనే ఉన్నాను. దయచేసి మీరు ఎనిమోన్ కన్నా ముందు గార్డు కొనండి. దొరక్కపోతే ముతక స్పాంజి తొడిగి, రెండు రోజులకోసారి కడగండి. హీటర్ ఉంటే దానికీ తొడుగు పెట్టండి.

రంగు పోయి తెల్లబడుతోంది

ఎనిమోన్ ఒంట్లో జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు ఉంటాయి. అవి వెలుతురుతో ఆహారం తయారుచేసి దానికి పెడతాయి. వేడి, లైటు, సాలినిటీ ఒక్కసారిగా మారితే అవి బయటికి పోతాయి, ఎనిమోన్ తెల్లబడుతుంది. షాపులో పాలలా తెల్లగా ఉన్నదాన్ని "వైట్ వెరైటీ" అని అమ్మితే కొనకండి, అది ఆకలితో ఉన్నది. నిమ్మపండు రంగులో మెరిసిపోయేవాటికి కొన్నిసార్లు రంగు ఎక్కిస్తారు.

వైజాగ్‌లో దీనికి మొదటి కారణం వేడి. ట్యాంకు 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని గదిలో 31 దాటిపోతుంది. చాలామంది ట్యాంకు మీద ఫ్యాన్ పెడతారు. ఫ్యాన్ పనిచేసేది నీళ్ళు ఆవిరవడం వల్ల. మన ఊరి గాలిలో తేమ ఎక్కువ కాబట్టి హైదరాబాద్‌లో దిగినంతగా ఇక్కడ దిగదు. ఒకటి రెండు డిగ్రీలకి ఫ్యాన్ చాలు, అంతకు మించితే నీళ్ళని చల్లబరిచే చిల్లర్ మెషీనో, గదికి ఏసీయో తప్పదు. సీసాలో ఐస్ చేసి తేలేసే పద్ధతి ఆ పూటకి పనికొస్తుంది, కానీ రోజూ పైకీ కిందికీ ఊగే వేడి ఇంకా చెరుపు చేస్తుంది.

తెల్లబడినదాన్ని బాగుచేయడానికి లైటు బాగా తగ్గించి, వారాల మీద పెంచండి. ఈలోగా తిండి మీదే బతకాలి కాబట్టి చిన్న చిన్న ముక్కలు వారానికి రెండుసార్లు పెట్టండి. రంగు రావడానికి నెలలు పడుతుంది.

పెట్టిన తిండి కక్కేస్తోంది

ముక్క పెద్దదై ఉంటుంది. బఠాణీ గింజంత చాలు. వచ్చిన మొదటి వారం ఏమీ పెట్టకండి. కుదురుకున్న ఆరోగ్యమైన ఎనిమోన్‌కి వారానికి ఒకసారి సరిపోతుంది.

ఫిషింగ్ హార్బర్‌లో దొరికే తాజా పచ్చి రొయ్య కన్నా మంచి తిండి నాకు కనిపించలేదు. అయితే వంటకని ఒలిచి ఉప్పు, పసుపు రాసి ఫ్రిజ్‌లో పెట్టిన గిన్నెలోంచి తీయకండి. ఏదీ రాయకముందే ఒక రొయ్య పక్కకి తీసి, ఆర్‌వో నీళ్ళలో కడిగి, ముక్కలు కోసి విడిగా గడ్డకట్టించండి. మీ చేతులకి సబ్బు, కొబ్బరినూనె ఉండకూడదు. ముక్కని ప్లాస్టిక్ పట్టకారుతో టెంటకిల్స్‌కి తాకించండి. ఆరోగ్యంగా ఉంటే దంశకణాలు (కుట్టే కణాలు) పట్టేసుకుని, టెంటకిల్ మెల్లగా నోటివైపు వంగుతుంది. జారి కిందపడితే ఇంకా ఒంట్లో బాగాలేదని అర్థం. ఆ ముక్కని తీసేయండి, బలవంతంగా నోట్లోకి తోయకండి.

నీళ్ళు మార్చిన మర్నాడే ముడుచుకుపోయింది

అక్టోబర్, నవంబర్‌లలో ఈ ఫిర్యాదు వస్తే నేను అడిగే మొదటి ప్రశ్న: నీళ్ళు బీచ్ నుంచి తెచ్చారా? సముద్రం పక్కనే ఉంది కదా, ఉప్పు కొనడం ఎందుకని అందరికీ అనిపిస్తుంది. కానీ వానాకాలంలో గంగ, బ్రహ్మపుత్ర, మహానది మంచినీళ్ళన్నీ బంగాళాఖాతంలో కలుస్తాయి. ఆ తర్వాత నెలల్లో తీరం వెంట ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి సాగి, ఆ పలచటి నీళ్ళని మన వైపు తోసుకొస్తుంది. ఎండాకాలంలో 34 పిపిటి (వెయ్యి పాళ్ళ నీళ్ళలో ఉప్పు పాళ్ళు) దాకా ఉండే నీళ్ళు అప్పుడు 30కి బాగా కిందికి పడిపోతాయి. కళ్ళకి తేడా తెలియదు, నాలుకకీ తెలియదు. దానికి తోడు నగరం మురుగు కాలువలు బీచ్‌ల పక్కనే సముద్రంలో కలుస్తున్నాయి.

అందుకే సింథటిక్ సాల్ట్, ఆర్‌వో నీళ్ళు వాడమంటాను. లక్ష్యం 35 పిపిటి, అంటే సుమారు 1.026. ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటర్‌ని నమ్మకండి, రిఫ్రాక్టోమీటర్ (చుక్క నీళ్ళలోంచి వెలుతురు చూసి ఉప్పు కొలిచే పరికరం) కొని 35 పిపిటి ద్రావణంతో సరిచూసుకోండి. అమ్మోనియా, నైట్రైట్ సున్నా ఉండాలి. నైట్రేట్ 10 లోపు ఉంటే మంచిది. ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా కాపాడే గుణం, దాని కొలత డీకేహెచ్) 8 నుంచి 10 డీకేహెచ్ మధ్య కదలకుండా ఉంచండి. ఆవిరైన నీళ్ళకి బదులు ఉప్పు నీళ్ళు పోయకండి. ఉప్పు ఆవిరి కాదు, పోసినకొద్దీ సాలినిటీ పెరిగిపోతుంది.

అన్ని టెస్టులూ బాగున్నాయి, అయినా రోజురోజుకీ చిక్కిపోతోంది

పెదవాల్తేరులో ఒక అక్క ట్యాంకులో రెండు ఎనిమోన్లు వరసగా ఇలాగే పోయాయి. చేపలు మాత్రం శుభ్రంగా తిరుగుతున్నాయి. సాలినిటీ, వేడి, నైట్రేట్ అన్నీ కాగితం మీద రాసి చూపించింది, వంక పెట్టడానికి లేదు. మాట్లాడుతూ ఉండగానే ఆమె వంటింట్లోకి వెళ్ళి జగ్గుతో నీళ్ళు పట్టుకొచ్చి ట్యాంకులో పోసింది. నేను లేచి వెళ్ళి ఆ ప్యూరిఫైయర్ చూశాను. ఆర్‌వో తర్వాత నీళ్ళలో రాగి కలిపే కార్ట్రిడ్జ్ ఉన్న రకం అది. మనిషికి మంచిదని కలిపే ఆ రాగి వెన్నెముక లేని జీవులకి విషం. చేప తట్టుకునే మోతాదు ఎనిమోన్‌ని చంపేస్తుంది. రోజూ పోసే నీళ్ళతో వస్తుంది, ఆవిరితో పోదు, ట్యాంకులో పేరుకుంటుంది. రాగి టెస్ట్ కిట్ తెచ్చి చూస్తే రంగు వచ్చింది.

రాగి బిందెలో నిల్వ పెట్టిన నీళ్ళూ అంతే. చేపలకి తెల్లమచ్చల జబ్బు వచ్చినప్పుడు వేసే మందుల్లో కూడా రాగి ఉంటుంది. అలాంటి మందు ఎప్పుడైనా పడిన ట్యాంకు, రాళ్ళు, ఇసుక కొనేటప్పుడు తప్పకుండా అడగండి. పరిష్కారం: పోసే నీళ్ళు వేరే చోటి నుంచి తెచ్చుకోవడం, వరసగా నీళ్ళు మార్చడం, రాగిని పీల్చే ఫిల్టర్ మీడియా పెట్టడం. కిట్‌లో సున్నా వచ్చి నెల దాటేదాకా కొత్త ఎనిమోన్ తేవద్దు. ఆ అక్క ఐదు నెలలు ఆగింది. మూడోది బతికింది.

ట్యాంకు ఉన్న గదిలో దోమల స్ప్రే కొడితే ఎయిర్ పంపు ఆ గాలినే పీల్చి నీళ్ళలో వదులుతుంది. ఇది కూడా చూసుకోండి.

ఇంకో కారణం ట్యాంకు వయసు. ఆరు నెలలు నిండని ట్యాంకులో ఎనిమోన్ వేయకండి, ఏడాదైతే ఇంకా మంచిది. ఆగాలంటే విసుగే, నిజమే. కానీ ఇది కుదురుకుంటే ఏళ్ళ తరబడి ఉండే జీవి. స్కాట్లాండ్‌లో జాన్ డాలియెల్ అనే ఆయన 1828లో తీరం నుంచి ఒక ఎనిమోన్ తెచ్చి గాజు జాడీలో పెంచాడు. అది చల్లటి నీళ్ళ జాతి. ఆయన పోయాక వేరేవాళ్ళ చేతుల్లోకి మారి, 1887 దాకా బతికింది. జాడీలో ఫిల్టర్ లేదు, వేవ్‌మేకర్ లేదు. శ్రద్ధగా నీళ్ళు మార్చారు, అంతే.

క్లౌన్ ఫిష్ దాని దగ్గరికి వెళ్ళట్లేదు, లేదా వదలట్లేదు

క్లౌన్ ఫిష్ అంటే ఎనిమోన్ టెంటకిల్స్ మధ్య కాపురముండే చేప. వెళ్ళకపోతే నష్టం లేదు, క్లౌన్ ఫిష్ లేకుండా ఎనిమోన్ హాయిగా బతుకుతుంది. కొత్త ఎనిమోన్‌ని పెద్ద క్లౌన్ ఫిష్ రోజంతా రుద్దుతూ విచ్చుకోనివ్వకపోతే, చేపని కొన్నాళ్ళు చిల్లుల డబ్బాలో విడిగా ఉంచండి.

కరెంటు పోయింది

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు. అప్పటి నుంచి బ్యాటరీ ఎయిర్ పంపులు రెండు, సెల్స్ డజను నా ట్యాంకు కింది అరలో ఉంటాయి. ముందు గాలి, తర్వాతే లైటు. ఎనిమోన్ చీకట్లో కొన్ని రోజులు ఉండగలదు. కరెంటు లేనప్పుడు తిండి వేయకండి.

నోరు తెరుచుకుంది, పాదం వదిలేసింది, వాసన వస్తోంది

ఒక పాత్రలోకి, నీటిలోంచి బయటికి తీయకుండా, ట్యాంకు నీళ్ళతో సహా ముంచి తీయండి. వాసన చూడండి. కుళ్ళిన వాసన వచ్చి, వేలితో తాకితే కరిగినట్టు ఊడి వస్తుంటే అది చనిపోయింది. దాన్ని తిరిగి ట్యాంకులో వేయకండి. పాతిక, ముప్పై శాతం నీళ్ళు అప్పుడే మార్చి, ఫిల్టర్‌లో కొత్త యాక్టివేటెడ్ కార్బన్ పెట్టి, రాత్రికీ పొద్దున్నకీ అమ్మోనియా టెస్ట్ చేయండి. వాసన లేకుండా, టెంటకిల్స్ ఇంకా కొంచెమైనా వేలికి అంటుకుంటుంటే, చిల్లుల ప్లాస్టిక్ బుట్టలో చిన్న రాయితో పాటు పెట్టి, అదే ట్యాంకులో వడి తక్కువున్న మూలన వేలాడదీయండి. మెడికల్ షాపు యాంటీబయాటిక్ ట్యాంకులో వేయకండి, నీళ్ళని శుభ్రం చేసే ఫిల్టర్ బాక్టీరియా కూడా పోతుంది. పూటకొకసారి పాదం చూడండి, నోరు చూడండి, వాసన చూడండి.