శరత్కాలంలో సరస్సు చుట్టూ: చూడటం, లెక్కపెట్టడం, రాసుకోవడం

ఈ కాలంలో పక్షుల్ని పుస్తకంలోని బొమ్మతో పోల్చి చూస్తే తికమక తప్పదు. మల్లార్డ్ లాంటి బాతుల్లో మగవి సంతానకాలం అయ్యాక మెరిసే ఈకలు రాల్చేసి, కొన్నాళ్లు ఆడవాటిలాగే గోధుమరంగులో తిరుగుతాయి. శరత్కాలం మొదట్లో గుంపును చూసి "అన్నీ ఆడవే" అని రాసేసేది అందుకే. ముక్కు చూడండి. మగ మల్లార్డ్‌కు పసుపుపచ్చ, ఆడదానికి నల్లమరకలున్న నారింజరంగు. ఈకలు రాలినా ముక్కు రాలదు కదా!

బయల్దేరే ముందు బైనాక్యులర్ సరిచేసుకోవాలి. 8×42 (8 రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు) చాలు, 10 రెట్లది చేతి వణుకును కూడా పెంచి చూపిస్తుంది. కుడి కన్ను మూసి, దూరపు కొమ్మను ఎడమ కంటితో చూస్తూ నడిమి చక్రం తిప్పండి. తర్వాత ఎడమ కన్ను మూసి, చక్రం ముట్టుకోకుండా, చాలావాటిలో కుడి కంటి దగ్గరుండే రింగు తిప్పి అదే కొమ్మను స్పష్టం చేసుకోండి. కళ్లద్దాలుంటే కంటి కప్పుల్ని లోపలికి దించాలి, లేకపోతే కనిపించే మేర కుంచించుకుపోతుంది.

పొద్దున్నే అయితే తూర్పు గట్టు నుంచి మొదలుపెట్టండి. ఎండ వీపున పడి నీటిమీది రంగులు తెలుస్తాయి. పడమటి గట్టు నుంచి చూస్తే అన్నీ నల్లటి నీడలే.

మంచు ఆరకముందే పొదలు చూడండి. తడి అంటుకున్న సాలెగూళ్లు అప్పుడే కంటికి ఆనతాయి. తూనీగలకు మాత్రం ఒళ్లు వేడెక్కాలి, వాటికోసం ఎండ ముదిరాక ఇంకో చుట్టు వేయాల్సిందే.

గూళ్ల పని ముగిసింది కాబట్టి చిన్న పిట్టలు చాలాచోట్ల రకరకాలుగా కలిసి, గుంపుగా మేతకు తిరుగుతాయి. మొదటి పిట్ట వెంట పరుగెత్తకండి. అక్కడే ఐదు నిమిషాలు నిలబడండి. అరుదైనది చివర్లో రావచ్చు.

పెద్ద గుంపైతే ముందు 10 పక్షుల్ని లెక్కపెట్టి, అవి పట్టిన చోటును కొలతగా తీసుకుని మిగతా గుంపంతా పరుచుకుంటూ పోండి. ఒకదాని చాటున ఒకటి ఉంటాయి కాబట్టి లెక్క తగ్గడమే మామూలు. రెండుసార్లు చేసి రెండు అంకెలూ రాయండి.

నోటుబుక్కులో వేళ, గాలి దిక్కు, మబ్బు, సంఖ్య ఉండాలి. తెలియని పక్షి కనబడితే పుస్తకం తెరవకముందే సైజు, ముక్కు, కాళ్ల రంగు రాసేయండి. బొమ్మ చూశాక మనసు దానికి తగ్గట్టే గుర్తు తెచ్చుకుంటుంది. బురదలో అడుగుజాడ దొరికితే పక్కన స్కేలు పెట్టి, నిట్టనిలువుగా పైనుంచి ఫొటో తీయండి. ఏటవాలుగా తీస్తే కొలత తప్పుతుంది.