కరెంటు లేని గుర్రాల కొట్టంలో లైట్లు ఎలా పెట్టుకోవాలి?

మా గుర్రం పేరు బిజిలీ, దాని కొట్టంలోనే బిజిలీ (కరెంటు) లేదు. మహారాష్ట్రలోని దెగ్లూరు బయట చేన్ల మధ్య మూడు గుర్రాలకి రేకుల కొట్టం వేసుకున్నాం. అక్కడిదాకా స్తంభాలు వేయించడానికి ఎంతవుతుందో విన్నాక ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. పెళ్ళిళ్ళ సీజన్లో వరాత్ (పెళ్ళి ఊరేగింపు) అయిపోయి తిరిగొచ్చేసరికి రాత్రి పన్నెండు దాటుతుంది. అప్పుడు జీను విప్పాలి, ఒళ్ళు తుడవాలి, నీళ్ళు పెట్టాలి, నాలుగు కాళ్ళూ ఎత్తి డెక్కల్లో రాయి ఇరుక్కుందా, నాడా వదులైందా చూడాలి. ఫోన్ పళ్ళతో పట్టుకుని ఆ టార్చి వెలుగులో డెక్కలు చూడడం రెండేళ్ళు చేశాను. చేను కరెంటు ఉన్నవాళ్ళ సంగతీ గొప్పగా ఏం లేదు, అది వంతులవారీగా వస్తుంది, మనకి కావలసిన వేళకి "లైట్ గేలీ" (కరెంటు పోయింది) అని అవతలి చేనువాడు అరుస్తాడు.

ముందే ఒక మాట. కందిలి, కొవ్వొత్తి ఆ చుట్టుపక్కలకే తేవద్దు. ఎండు చొప్ప, గడ్డి, తాడుతో కట్టేసి ఉన్న జంతువు, దాని తోక ఒక్కసారి ఊగితే చాలు.

1. లైటు ఎవరికో తేల్చుకోండి

గుర్రానికి కాదు, మనకి. చీకట్లో అది మనకంటే బాగా చూస్తుంది, కంటి వెనక వెలుతురుని తిరిగి లోపలికే కొట్టే పొర ఉంటుంది, టార్చి వేసినప్పుడు కళ్ళు మెరిసేది అందుకే. కానీ వెలుతుర్లోంచి చీకట్లోకి, చీకట్లోంచి వెలుతుర్లోకి అలవాటు పడడానికి దానికి మనకంటే చాలా ఎక్కువసేపు పడుతుంది.

ఇది తెలియక నేను మొదట కొన్నది తెల్లగా మండిపోయే పెద్ద ఫ్లడ్ లైటు, నట్టనడిమిన వేలాడదీశాను. ఆ రాత్రి బిజిలీ గుమ్మం దగ్గరే నాలుగు కాళ్ళూ బిగబట్టి నిలబడిపోయింది. లోపలి గోడ మీద దాని నీడే నల్లగా, దానికంటే రెండింతలుంది. తల ఆడిస్తే నీడ ఆడుతోంది, బుస్సుమని వెనక్కి లాగింది, నా అరచేతిలో తాడు జారి తోలు లేచిపోయింది. వానాకాలం వచ్చాక ఇంకో తలనొప్పి, పొద్దున చూస్తే నీళ్ళ తొట్టి మీద వేలు మందాన పురుగులు.

రాత్రంతా వెలిగించి ఉంచడం కూడా మంచిది కాదు. గుర్రాలు పెంచేవాళ్ళు చలికాలంలో ఆడగుర్రాల్ని తొందరగా ఎదకు తేవడానికి రోజుకి 16 గంటల వెలుతురు ఇస్తారు, అంటే లైటు వాటి ఒంట్లో పనిచేస్తుందన్నమాట. అవసరం లేని రాత్రి చీకటిగానే ఉండనివ్వండి.

2. అన్నిటికంటే ముందు తలకి కట్టుకునే లైటు కొనండి

సోలార్ ప్యానెల్, బ్యాటరీ మాట తర్వాత. 200 ల్యూమెన్లు (వెలుతురు కొలత అది) ఇచ్చే, ఛార్జింగ్ పెట్టుకునే హెడ్‌ల్యాంప్ ఒకటుంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, డెక్కకి, గాయానికి, రాత్రి కడుపునొప్పితో దొర్లే గుర్రానికి, అర్ధరాత్రి ఈనే గుర్రానికి అదే పనికొస్తుంది. మాళేగావ్ ఖండోబా జాతరకి గుర్రాన్ని తీసుకెళ్ళినప్పుడు అక్కడ డేరాలో కూడా ఇదే. ఎదురుగా వెళ్ళి దాని కళ్ళలోకి మాత్రం కొట్టకండి, పక్కనుంచి రండి.

3. ఎక్కడ, ఎన్ని, ఏ రంగు

ఒక పెద్ద బల్బు కంటే రెండు పక్కలా రెండు చిన్నవి మేలు, నీడ పలచబడుతుంది. ఒక్కో గుర్రం చోటుకి 5 వాట్ల ఎల్ఈడీ సరిపోతుంది, జీను విప్పి కాళ్ళు చూసే చోట ఒక 9 వాట్లది. రంగు పసుపుగా ఉండేదే తీసుకోండి, పురుగులు తక్కువ వస్తాయి, తొట్టికి దూరంగా పెట్టండి. గుర్రం ముందు కాళ్ళెత్తి నిలబడితే ఎక్కడిదాకా అందుతుందో చూసుకోండి, తొమ్మిదడుగుల రేకు కింద బల్బు వేలాడదీస్తే నేరుగా తలకే తగులుతుంది. అందుకే మేము నడవా వైపు దూలానికి బిగించి ఇనుప జాలీ వేశాం.

కొనేటప్పుడు ఐపీ 65 అని రాసి ఉందా చూడండి, మొదటి 6 దుమ్ముకి, 5 పైపు నీళ్ళకి. మూత్రంలోంచి లేచే అమ్మోనియా మన కళ్ళనే కాదు, రాగి తీగల్నీ తినేస్తుంది, మా పాత హోల్డర్ విప్పితే లోపల పచ్చగా చిలుము పట్టి ఉంది.

మనిషి రాగానే వెలిగే సెన్సర్ లైటు గేటుకి బాగుంటుంది, కొట్టం లోపల వద్దు. నిద్రపోతున్న గుర్రం ముందు ఠక్కున వెలిగితే అది ఎటు తంతుందో చెప్పలేం.

4. సోలార్‌కి లెక్క వేసి అప్పుడు షాపుకి వెళ్ళండి

మా లెక్క ఇది. 5 వాట్లవి మూడు, 3 గంటలు: 45. 9 వాట్లది 4 గంటలు: 36. సెన్సర్ లైటుకి, ఫోన్ ఛార్జింగ్‌కి కలిపి 20. మొత్తం 101 వాట్-అవర్లు, తీగల్లో, బ్యాటరీలో పోయేదానికి పావు వంతు కలిపితే 125. అంటే ఒక యూనిట్‌లో ఎనిమిదో వంతు, అంతే.

ముసురు మూడు రోజులు పట్టినా ఆగకూడదు కాబట్టి 375 దాచుకోవాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం కంటే కిందికి దించితే త్వరగా పోతుంది, కాబట్టి 12 వోల్టులలో 65 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు, బ్యాటరీలో ఎంత పడుతుందో చెప్పే కొలత). లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 80 శాతం దాకా వాడుకోవచ్చు, 40 ఏహెచ్ చాలు. ధర ఎక్కువే, అయినా నీళ్ళు పోసే పని లేదు, నా ఓటు దానికే. పాత ట్రాక్టర్ బ్యాటరీ ఉంది కదా అని పెట్టకండి, అది ఇంజను స్టార్ట్ చేయడానికి పుట్టింది, రోజూ ఖాళీ చేస్తే నెలల్లో చస్తుంది.

సోలార్ ప్యానెల్ 100 వాట్లది, దక్షిణం వైపు, 19 డిగ్రీల వాలు. కొలవడం ఎందుకు, మీటరు పొడవుకి వెనక వైపు 33 సెంటీమీటర్లు ఎత్తండి. వేపకొమ్మ నీడ ఒక మూల పడినా కరెంటు బాగా పడిపోతుంది.

"1000 వాట్ల సోలార్ లైటు" అని అరచేయంత ప్యానెల్‌తో అమ్మేవి చూసే ఉంటారు. మిట్టమధ్యాహ్నం చదరపు మీటరుకి పడే ఎండే సుమారు 1000 వాట్లు, మంచి ప్యానెల్ అందులో 200 తీస్తుంది. అరచేయంత ప్యానెల్ ఇచ్చేది మూడు వాట్లు. నేను రెండు కొన్నాను, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

సోలార్ పంపు ప్యానెల్స్ ఉన్నవాళ్ళు అక్కడినుంచి లాగేద్దాం అంటారు. వద్దు, అది ఎక్కువ వోల్టుల డీసీ, ప్రాణాల మీదికి తెస్తుంది.

5. తీగలు, ఫ్యూజ్, కలిపే వరస

12 వోల్టుల్లో తీగ సన్నగా ఉంటే దారిలోనే పోతుంది. 24 వాట్లని 20 మీటర్ల దూరానికి 1.5 ఎంఎం రాగి తీగతో పంపితే దాదాపు ఒక వోల్టు మాయం, చివరి బల్బు గుడ్డిగా వెలుగుతుంది. 4 ఎంఎం వేస్తే 0.4 దగ్గర ఆగుతుంది. తీగలన్నీ పైపులోంచే తీయండి, ఎలుకలూ కొరుకుతాయి, ఊసుపోని గుర్రాలూ కొరుకుతాయి. ఇన్వర్టర్ అక్కర్లేదు, 12 వోల్టుల డీసీ బల్బులే వాడండి, కాకపోతే చూడడానికి ఇంట్లో బల్బులాగే ఉంటాయి, రంగు పెయింట్‌తో గుర్తు పెట్టుకోండి, ఎవరో ఇంట్లో హోల్డర్‌కి పెడితే ఢామ్మంటుంది.

బ్యాటరీ కొట్టం బయట, నీడలో, గాలి ఆడే చోట, నేలకి ఎత్తుగా ఉండాలి. లెడ్ యాసిడ్‌ది ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. మా ఎండాకాలం 42 డిగ్రీలు దాటుతుంది, రేకు డబ్బాలో పెడితే ఏ బ్యాటరీ అయినా ఉడికిపోతుంది. ప్లస్ తీగకి బ్యాటరీ పక్కనే 10 ఆంపియర్ల ఫ్యూజ్. ప్యానెల్‌కీ బ్యాటరీకీ మధ్య ఛార్జింగ్‌ని అదుపు చేసే పెట్టె, 10 ఆంపియర్ల ఛార్జ్ కంట్రోలర్ ఉండాలి, దానికి ముందు బ్యాటరీ కలపండి, తర్వాతే ప్యానెల్, విప్పేటప్పుడు ముందు ప్యానెల్.

క్లాంపులు బిగించే ముందు బల్బుల్ని తాడుతో ఊరికే కట్టి, చంద్రుడు లేని రాత్రి గుర్రాన్ని లోపలికి నడిపించండి. గుమ్మం దగ్గర ఆగిందా, దేన్ని చూసి చెవులు నిక్కబొడిచిందో చూడండి. వంగి దాని కాలు ఎత్తండి. మీ తల నీడ డెక్క మీద పడితే బల్బుని ఒక మూర పక్కకి జరిపి, అప్పుడు మేకు కొట్టండి.